కాలు జారకుండా: మంచు దారికి ఏ గ్రిప్పర్లు?

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అంటారు మన పెద్దలు. మంచు పడని ఊళ్లలో పుట్టిన సామెత అది. సిమ్లాలోనో, లేహ్‌లోనో, తవాంగ్‌లోనో ఒక్క జనవరి గడిపిన వాళ్లను అడిగి చూడండి. అక్కడ కాలు జారినా తీసుకోవడం అంత సులువు కాదంటారు. గడ్డకట్టిన మంచు మీద వెల్లకిలా పడితే నడుముకో, తల వెనక భాగానికో దెబ్బ తగులుతుంది. చెయ్యి ఆనించి ఆపుకోబోతే మణికట్టు విరగవచ్చు. ఒకసారి గట్టిగా పడిన పెద్దవాళ్లు ఆ చలికాలమంతా బజారుకు వెళ్లడానికే భయపడతారు.

మన బడుల్లో చదివే వాళ్లకు ఊరు మారడం కొత్త కాదు. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వస్తుంది. అట్టపెట్టెలు కట్టేస్తాం, టీసీ తీసుకుంటాం, రైలెక్కుతాం. విశాఖపట్నంలో చెప్పులేసుకుని తిరిగిన కాళ్లు ఆరు నెలలు తిరక్కుండానే మంచు మీద నడవాల్సి వస్తుంది. వెళ్లేముందు స్వెట్టర్లు, కోట్లు, ఉన్ని టోపీలు, చేతి తొడుగులు అన్నీ కొంటాం. బూట్లు కూడా మంచివే కొంటాం. కానీ ఎంత మంచి బూట్లయినా చలిని, తడిని ఆపుతాయే గాని, గట్టి మంచుగడ్డ మీద జారుడును ఆపలేవు. దానికి బూట్ల మీద తొడుక్కునే వేరే సాధనాలున్నాయి. దుకాణాల్లో వాటిని గ్రిప్పర్లు, మైక్రోస్పైక్స్, క్రాంపాన్లు అని రకరకాల పేర్లతో అమ్ముతారు. ఒక్కోసారి అన్నిటికీ ఒకే పేరు చెబుతారు. మనం ఈ వ్యాసంలో అన్నిటినీ కలిపి గ్రిప్పర్లు అందాం. వాటిలో ఏది ఎక్కడ పనికొస్తుందో, ఎలా ఎంచుకోవాలో తెలుసుకుందాం.

మంచు ఎందుకు జారుతుంది?

ఫ్రిజ్‌లోంచి తీసిన మంచుముక్క పొడిగా కనిపించినా, దాని పైపొర మాత్రం నీటిని పోలిన పలుచని పొర. ఈ సంగతిని 19వ శతాబ్దం మధ్యలోనే మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త ఊహించారు. ఆ పొర కంటికి కనబడదు. అయినా కాలిని జారనిచ్చేది అదే. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దగ్గరయ్యేకొద్దీ ఆ పొర మందం అవుతుంది. అందుకే బాగా చలిగా ఉన్న రోజు మంచుకంటే, కొంచెం కరుగుతున్న రోజు మంచు ఎక్కువ జారుతుంది.

ఇక బూటు సంగతి చూద్దాం. బూటు అడుగున ఉండే గాళ్లు, గట్లు మెత్తని మట్టిలోకి దిగి పట్టు ఇస్తాయి. గట్టి మంచుగడ్డలోకి అవి దిగలేవు. పైగా చలికి రబ్బరు బిగుసుకుపోతుంది, నేలను హత్తుకోదు.

ఇందులో కొంచెం లెక్క ఉంది. పొడి సిమెంటు దారి మీద రబ్బరు అడుగుకు ఘర్షణ గుణకం సుమారు 0.6, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. మంచుగడ్డ మీద అది 0.1 దగ్గరికి, తడిమంచు మీద అంతకంటే కిందికి పడిపోతుంది. ఘర్షణ గుణకం 0.1 అంటే అర్థం ఏమిటి? 10 మీటర్ల దూరంలో 1 మీటరు ఎత్తు పెరిగే వాలు మీద మనం కదలకుండా నిలబడినా కిందికి జారడం మొదలవుతుంది. కోణంలో చెప్పాలంటే అది 6 డిగ్రీల కంటే తక్కువ. కొండ ఊళ్లలో ఇంటి నుంచి బడికి వెళ్లే దారిలో అంతకంటే ఏటవాలు చోట్లు ఎన్నో ఉంటాయి. పదకొండో తరగతి అన్నయ్యలు, అక్కయ్యలు ఆ కోణం ఎలా వచ్చిందో మీకు గీసి చూపిస్తారు.

ముల్లు చేసే పని

గ్రిప్పర్ అడుగున ఉండేవి చిన్న చిన్న లోహపు ముళ్లు. అంత చిన్న ముల్లు మనిషిని ఎలా ఆపుతుంది? బలాన్ని విస్తీర్ణంతో భాగిస్తే పీడనం వస్తుందని మనం చదువుకున్నాం కదా. ఇక్కడ పనిచేసేది అదే సూత్రం.

మీ బరువు 45 కిలోలు అనుకుందాం. నడిచేటప్పుడు ఆ భారమంతా ఒకసారి ఒక్క కాలి మీదే పడుతుంది. బూటు అడుగు నేలను తాకే విస్తీర్ణం 150 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద పడే భారం 0.3 కిలోలే. ఇప్పుడు ఆ బూటుకు 12 ముళ్లున్న గ్రిప్పర్ తొడగండి. ఒక్కో ముల్లు మొన 2 చదరపు మిల్లీమీటర్లు ఉందనుకుంటే, అన్నీ కలిపి 24 చదరపు మిల్లీమీటర్లు, అంటే 0.24 చదరపు సెంటీమీటర్లు. అదే 45 కిలోలను 0.24తో భాగిస్తే ఒక్కో చదరపు సెంటీమీటరుకు 187 కిలోలకు పైగా వస్తుంది. పీడనం 600 రెట్లకు పైగా పెరిగిందన్నమాట. ఆ పీడనానికి మంచు పైపొర చిట్లి ముల్లు లోపలికి దిగుతుంది. ఒకసారి దిగాక, గోడకు దిగిన మేకులా అడ్డం నిలుస్తుంది. కాలు జారాలంటే ఆ ముల్లు ముందున్న మంచును పగలగొట్టుకుంటూ పోవాలి.

మన ఊళ్లలో ట్రాక్టరుకు దమ్ము చేసేటప్పుడు తగిలించే కేజ్ వీల్స్ మీరు చూసే ఉంటారు. బురద పొలంలో రబ్బరు టైరు తిరుగుతూ ఉండిపోతుంది గాని ముందుకు పోదు. ఇనుప కేజ్ వీల్ బురదలో దిగి పట్టుకుంటుంది. అదే చక్రంతో తారు రోడ్డు ఎక్కితే రోడ్డు పాడవుతుంది. గ్రిప్పర్లదీ అదే తీరు. అవి మంచు కోసం చేసినవి. రాతి మీద, గచ్చు మీద వాటి ముళ్లు దిగవు. దిగని ముల్లు రబ్బరు కంటే ఎక్కువ జారుతుంది.

ఒకే మాట, నాలుగు మంచులు

తెలుగులో ఉదయం గడ్డి మీద కనిపించేదీ మంచే, దారి కనబడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. లంబసింగిలో చలికాలపు పొద్దున గడ్డి మీద తెల్లగా పేరుకునేదీ మంచే. మన నేల మీద ఆ ఒక్క మాట సరిపోయింది. మంచు ఊళ్లో నడిచేవాళ్లు మాత్రం కాలి కింద ఏ మంచు ఉందో గుర్తుపట్టాలి.

మొదటిది, అప్పుడే రాలిన మెత్తని మంచు. దూదిలా ఉంటుంది. కాలు దిగబడుతుంది గాని పెద్దగా జారదు.

రెండోది, తొక్కిన మంచు. జనం నడిచి నడిచి, బండ్లు తిరిగి అణిగిపోయింది. తెల్లగానే ఉంటుంది, పైన నున్నగా మెరుస్తుంది. మడమ వేసేటప్పుడు జారుతుంది.

మూడోది, గడ్డమంచు. మధ్యాహ్నం ఎండకు కరిగిన నీరు రాత్రికి మళ్లీ గడ్డకట్టి ఏర్పడుతుంది. గాజు పలకలా గట్టిగా ఉంటుంది. సిమ్లా వంటి ఊళ్లలో చలికాలపు ఇబ్బంది ఎక్కువగా దీనితోనే. ఎండ తగలని నీడ పక్క దారుల్లో రోజుల తరబడి ఉండిపోతుంది. తెల్లవారుజామున బాగా బిగుసుకుని ఉంటుంది కాబట్టి, పొద్దున్నే బయలుదేరే వాళ్లకే ఎక్కువగా ఎదురవుతుంది.

నాలుగోది, నల్లమంచు. దీని రంగు నలుపు కాదు. తారు రోడ్డు మీద పలుచగా, పారదర్శకంగా గడ్డకట్టడం వల్ల కింది నలుపే కనిపిస్తుంది. రోడ్డు తడిసిందేమో అనుకుని అడుగు వేస్తాం, పడతాం. ఉష్ణోగ్రత సున్నాకు కింద ఉన్నప్పుడు రోడ్డు తడిగా మెరుస్తుంటే అది నీరు కాకపోవచ్చని గుర్తుంచుకోండి.

గ్రిప్పర్లలో రకాలు

ఈ నాలుగు మంచులూ తెలిశాయి కాబట్టి ఇప్పుడు గ్రిప్పర్లు చూద్దాం. ముఖ్యంగా నాలుగు రకాలు దొరుకుతాయి.

1. రబ్బరు వల, చిన్న బొడిపెలు: రబ్బరు పట్టీల వలకు చిన్న లోహపు బొడిపెలు బిగించి ఉంటాయి. కొన్నిటిలో బొడిపె మొనకు టంగ్‌స్టన్ కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థం ఉంటుంది, అది త్వరగా అరగదు. ఇవి తేలిక, జేబులో పడతాయి. సమతలంగా ఉన్న ఊరి దారుల్లో, పలుచని నల్లమంచు మీద బాగుంటాయి. కొండ దారికి చాలవు.

2. స్ప్రింగు తీగ రకం: రబ్బరు పట్టీల చుట్టూ ఉక్కు తీగను స్ప్రింగులా చుట్టి ఉంటారు. తొక్కిన మంచు మీద ఈ తీగ చుట్లు చక్కగా పట్టుకుంటాయి. నడక సుఖంగా ఉంటుంది. కానీ వీటికి మొనలేని కారణంగా గాజులాంటి గడ్డమంచులోకి, ముఖ్యంగా వాలు మీద, దిగలేవు. రాళ్ల మీద నడిస్తే తీగ తెగిపోతుంది.

3. గొలుసు ముళ్ల రకం: దీన్నే అందరూ మైక్రోస్పైక్స్ అంటారు. నిజానికి అది ఒక అమెరికా కంపెనీ తన సరుకుకు పెట్టుకున్న పేరు. ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టు, ఇప్పుడు ఈ రకానికంతటికీ ఆ పేరే స్థిరపడింది. బూటు చుట్టూ సాగే రబ్బరు పట్టీ, అడుగున ఉక్కు గొలుసులు, వాటికి సుమారు 1 సెంటీమీటరు పొడవున్న ముళ్లు ఉంటాయి. కాలికి పది పన్నెండు ముళ్లుండటం మామూలు. జత బరువు 350 నుంచి 450 గ్రాముల దాకా ఉంటుంది. తొక్కిన మంచు, గడ్డమంచు, ఒక మోస్తరు వాలు అన్నిటికీ ఇవి సరిపోతాయి. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠా వంటి చలికాలపు ట్రెక్కులలో అందరూ వాడేది వీటినే.

4. క్రాంపాన్లు: ఇవి పర్వతారోహకుల సామగ్రి. ఉక్కు చట్రానికి 2, 3 సెంటీమీటర్ల పొడవున 10 లేదా 12 ముళ్లుంటాయి. 1908లో ఆస్కార్ ఎకెన్‌స్టైన్ అనే ఇంజనీరు 10 ముళ్ల క్రాంపాన్‌ను రూపొందించారు. 1929లో లారెంట్ గ్రివెల్ ముందువైపుకు పొడుచుకొచ్చే మరో రెండు ముళ్లు చేర్చారు. వీటిని వంగని గట్టి బూట్లకే బిగించాలి. మామూలు బూటు నడకలో వంగుతుంది, అప్పుడు చట్రం ఊడిపోవచ్చు, విరగవచ్చు. శిక్షణ లేకుండా తొడుక్కుంటే ఒక కాలి ముల్లు రెండో కాలి ప్యాంటుకు తగిలి పడేస్తుంది. బడికి, బజారుకు, మామూలు ట్రెక్కుకు ఇవి అక్కర్లేదు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

ముందు ముళ్లు ఎక్కడున్నాయో చూడండి. నడిచేటప్పుడు మడమ మొదట నేలను తాకుతుంది, చివరికి ముందరి పాదం నేలను తోస్తుంది. జారుడు ఎక్కువగా ఈ రెండు క్షణాల్లోనే జరుగుతుంది. కొన్ని చవక రకాలకు ముందరి పాదం కిందే ముళ్లుంటాయి, మడమ కింద ఏమీ ఉండదు. దిగుడు దారిలో మడమే ఆధారం. కాబట్టి రెండు చోట్లా ముళ్లున్నవే తీసుకోండి.

తర్వాత రబ్బరు. చలికి గట్టిపడి చిట్లిపోయే రబ్బరైతే ముళ్లు ఎంత మంచివైనా లాభం లేదు. దీనికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. కొత్త గ్రిప్పర్లను ఒక రాత్రి ఫ్రిజ్ పై అరలో, ఐసు తయారయ్యే చోట పెట్టండి. పొద్దున తీసి వెంటనే లాగి చూడండి. మెత్తగా సాగి మళ్లీ వెనక్కి రావాలి. కర్రలా బిగుసుకున్నా, సన్నని పగుళ్లు కనిపించినా వెంటనే దుకాణంలో మార్చుకోండి. ఇది సెప్టెంబరులోనే చేస్తే మంచిది. మంచు పడ్డ రోజున తెలిస్తే చేయగలిగింది ఉండదు.

మూడోది కొలత. గ్రిప్పర్ తొడిగేది పాదానికి కాదు, బూటుకు. ఒకే 5వ నంబరు అయినా బడి బూటు సన్నగా, ట్రెక్కింగ్ బూటు వెడల్పుగా, గమ్‌బూటు ఇంకా వెడల్పుగా ఉంటాయి. కాబట్టి వేసుకోబోయే బూటునే దుకాణానికి తీసుకెళ్లండి. తొడిగాక కాలును బలంగా విదిలించండి. గ్రిప్పర్ పక్కకు జరిగితే వదులుగా ఉన్నట్టు. వేళ్లు నొక్కుకుంటున్నట్టు అనిపిస్తే బిగుతైనట్టు. బిగుతు వల్ల రక్తప్రసారం తగ్గి వేళ్లు త్వరగా మొద్దుబారతాయి, విపరీతమైన చలిలో అది ప్రమాదం. పాదం పైనుంచి వచ్చే వెల్‌క్రో పట్టీ ఉంటే మరీ మంచిది, ఊడి మంచులో పడిపోదు.

నాలుగోది లోహం. గొలుసు కడియాలన్నీ మూసుకుని అతికి ఉన్నాయా, ముళ్లు వేలితో నొక్కితే వంగుతున్నాయా చూడండి. వంగితే అక్కడే వదిలేయండి.

అయిదోది, తొడగడం ఎంత సులువో చూడండి. చేతి తొడుగులు వేసుకుని తొడిగి చూడండి. సున్నాకు 10 డిగ్రీల కింద, వట్టి వేళ్లతో ఉక్కు గొలుసులు సర్దుకుంటూ కూర్చోలేం.

ఎవరికి ఏది?

ఉదాహరణలతో చూద్దాం. నాన్నకు సిమ్లాకు బదిలీ అయింది అనుకోండి. క్వార్టర్స్ నుంచి బడికి కొండ దారి, సగం ఎండ, సగం నీడ. నీడలో గడ్డమంచు ఉంటుంది, ఎండలో సిమెంటు మెట్లు బయటపడి ఉంటాయి. ఇక్కడ మొనలున్న రకమే కావాలి, కానీ మాటిమాటికీ తీసి తొడగాల్సి వస్తుంది. అందుకని పొట్టి ముళ్ల గొలుసు రకం, సులువుగా ఊడివచ్చేది మేలు.

లేహ్ అయితే ఊరు సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. మంచు పడేది తక్కువే గాని చలి ఎక్కువ, జనవరి రాత్రుల్లో సున్నాకు 10 డిగ్రీల కిందికి దిగడం మామూలు. కుళాయి కారిన చోట, కాలువ పొంగిన చోట నీరు గడ్డకట్టి ఉంటుంది. ఊరిలో సమతల దారుల మీదే తిరిగేవాళ్లకు కార్బైడ్ బొడిపెల రకం చాలు. ఇక్కడ అన్నిటికంటే ముందు చూడాల్సింది రబ్బరు నాణ్యత.

ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే వాళ్ల సంగతి వేరుగా ఆలోచించాలి. వాళ్లు వంగి బిగుతు రబ్బరు లాగి తొడుక్కోలేరు. గుమ్మంలో కుర్చీ వేసి మీరే తొడగండి, తిరిగి రాగానే మీరే తీయండి. ముళ్లతో గచ్చు మీదికి వస్తే బయట పడకుండా వచ్చిన మనిషి ఇంట్లో పడతారు.

కేదార్‌కాంఠా వంటి ట్రెక్కుకు వెళ్లేవాళ్ల సంగతి మరొకటి. శిఖరం ఎత్తు సుమారు 3,800 మీటర్లు. చివరి రోజు చీకటి ఉండగానే బయలుదేరతారు కాబట్టి మంచు గట్టిగా ఉంటుంది, దిగేటప్పుడు ఎండకు మెత్తబడుతుంది. దీనికి గొలుసు ముళ్ల రకం కావాలి. ట్రెక్కు మొదలయ్యే సాంక్రీ గ్రామంలో ఇవి అద్దెకు దొరుకుతాయి. ఒక్క ట్రెక్కు కోసమే అయితే అద్దె చాలు. తీసుకునేటప్పుడు ముళ్లు అరిగి మొద్దుబారాయేమో, రబ్బరుకు చీలికలున్నాయేమో చూసి తీసుకోండి.

నడక కూడా నేర్చుకోవాలి

గ్రిప్పర్ తొడగ్గానే పరుగెత్తాలనిపిస్తుంది. అది వద్దు. అడుగులు చిన్నవిగా వేయండి. మడమతో గుచ్చకుండా పాదం మొత్తం ఒకేసారి ఆనేలా వేస్తే అన్ని ముళ్లూ దిగుతాయి. కాళ్ల మధ్య కొంచెం ఎడం ఉంచండి, లేకపోతే ఒక కాలి గొలుసు మరో కాలి ముళ్లకు తగులుకుంటుంది. దిగేటప్పుడు మోకాళ్లు కొద్దిగా వంచి, ఒళ్లు వెనక్కి వాల్చకుండా దిగండి. చేతులు జేబుల్లో పెట్టుకోకండి. జారినప్పుడు ఒంటిని నిలబెట్టేవి చేతులే.

మంచు తడిగా ఉన్న రోజు ముళ్ల మధ్య మంచు ముద్ద కడుతుంది. ముద్ద మందమయ్యేకొద్దీ ముళ్లు అందులో మునిగిపోతాయి, మనం ఒక మంచు చక్కెక్కి నడుస్తున్నట్టవుతుంది. నాలుగడుగులకోసారి బూటును కర్రతో తట్టి దాన్ని రాల్చేయాలి.

గ్రిప్పర్లు చేయలేనివి

ఇది జాగ్రత్తగా చదవండి. పట్టు దొరికిందన్న ధైర్యం కొన్నిసార్లు వెళ్లకూడని చోటికి తీసుకెళుతుంది. గడ్డకట్టిన చెరువు మీద గ్రిప్పర్ కాలు జారనివ్వదు, కానీ కింది మంచు మందమెంతో చెప్పదు. లద్దాఖ్‌లో గడ్డకట్టిన జాంస్కార్ నది మీద చాదర్ ట్రెక్కుకు వెళ్లేవాళ్లు కూడా, మంచును కర్రతో తట్టి శబ్దాన్ని బట్టి చూసే స్థానికుల వెనకే నడుస్తారు. మంచు చరియలు విరిగిపడే వాలు మీద ఏ ముల్లూ కాపాడదు. జారితే లోయలోకి పోయేంత నిటారు వాలు మీద గొలుసు ముళ్లు చాలవు. అక్కడ క్రాంపాన్లు, మంచు గొడ్డలి, తాడు, వాటితో పాటు శిక్షణ ఉండాలి.

శిక్షణ ఎంత ముఖ్యమో చెప్పడానికి మన తెలుగు పిల్లలే సాక్ష్యం. 2014 మే 25న నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటే ఎక్కాడు. ఇద్దరూ ప్రభుత్వ సంక్షేమ గురుకులాల్లో చదివినవాళ్లే. మంచు ఎరగని ఊళ్ల నుంచి వచ్చిన వాళ్లు భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో నేర్చుకుని, ఆ తర్వాతే పెద్ద మంచు మీద కాలు పెట్టారు.

సాధనాల సంరక్షణ

ఇంటికి రాగానే గ్రిప్పర్లను నీటితో కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. త్వరగా ఆరాలని బుఖారీ పొయ్యి పక్కన పెడితే రబ్బరు పాడవుతుంది. తుప్పు పట్టకుండా గొలుసుకు అప్పుడప్పుడు కొంచెం నూనె రాయండి, రబ్బరుకు మాత్రం తగలనివ్వకండి. ముళ్లు బయటికి పొడుచుకు రాకుండా మందపాటి గుడ్డ సంచిలో పెట్టండి. విమానంలో వెళ్లేటప్పుడు చేతి సంచిలో పెట్టుకోవద్దు, చెక్-ఇన్ సామానులో వేయండి. బస్సు, కారు ఎక్కేముందు, మెట్లు ఎక్కేముందు తీసేయండి.

గ్రిప్పర్లు లేని రోజు

బదిలీ మీద వెళ్లాం, సామాను ఇంకా రాలేదు, పొద్దున లేచేసరికి వాకిలంతా గడ్డమంచు. అప్పుడేం చేయాలి? పాత ఉన్ని మేజోళ్లు బూట్ల మీద తొడుక్కోండి. వినడానికి నవ్వొస్తుంది. కానీ న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్ నగర పరిశోధకులు మంచు పట్టిన కాలిబాట మీద దీన్ని నిజంగానే పరీక్షించి, మేజోళ్లు తొడుక్కున్న వాళ్లకు జారుడు తక్కువగా ఉందని తేల్చారు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్నోబెల్ బహుమతి 2010లో ఈ పరిశోధనకు దక్కింది. కశ్మీరులో పూర్వం వరిగడ్డితో అల్లిన పుల్హోర్ అనే చెప్పులు మంచులో వేసుకునేవారు. గరుకుగా ఉండే అల్లిక అడుగు జారకుండా ఆపేది.

వాకిట్లో పొయ్యి బూడిదో, ఇసుకో చల్లినా పట్టు వస్తుంది. ఉప్పు చల్లితే మంచు కరుగుతుంది గాని, చలి మరీ ఎక్కువైన చోట అది సరిగా పనిచేయదు. ఇవన్నీ గుమ్మం నుంచి గేటు దాకా సరిపోయే ఉపాయాలే. కొండ దారికి మాత్రం గ్రిప్పర్లు కొనాల్సిందే.

చివరగా ఒక్క మాట. రెండు మూడేళ్లకు మళ్లీ ఉత్తర్వు వస్తుంది. ఈసారి చెన్నయో, కొచ్చియో, జైసల్మేరో కావచ్చు. అక్కడ ఈ ముళ్లతో పనిలేదు. ఈలోగా మీ పాదాలూ పెరిగి ఉంటాయి. కాబట్టి అట్టపెట్టెలు కట్టే రోజున గ్రిప్పర్లను అడుగున పడేయకండి. శుభ్రంగా కడిగి, ఏ కొలత బూటుకు సరిపోతాయో ఒక చీటీ రాసి సంచికి కట్టి, మీ క్వార్టర్స్‌లోకి కొత్తగా వచ్చే వాళ్లకో, పక్కింటి చిన్నవాళ్లకో ఇచ్చేయండి. నీడ పక్క దారి ఎక్కడుందో, ఏ మలుపులో నల్లమంచు కడుతుందో కూడా ఆ చీటీలో రాయండి. మంచు ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు ముళ్లతో పాటు ఆ దారి గుర్తులు కూడా కావాలి.